పదిహేడో వరసకు లెక్క నిలవలేదు

కిందటి మాఘంలో ఒక మంగళవారం పొద్దున బుద్రి మా ఇంటికి వచ్చింది. నేను వాకిట్లో చాప మీద మిరియాలు ఎండబోస్తున్నాను. ఆమెను చూసి పాతికేళ్లు కావస్తోంది. చేతిలో గొడుగు, భుజాన సంచి, నలభై దాటిన మనిషి. “సోంబ్రు కూతుర్ని, బాబూ” అన్నాక ముఖంలో తండ్రి దవడ కనిపించింది. చాప అంచునే కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగింది. మిరియాలు ఈసారి గింజ చిన్నదని తనే అంది. తరవాత వచ్చిన పని చెప్పింది. ఫాల్గుణంలో పెద్ద కూతురి పెళ్లి. పిల్లను ఇంటి నుంచి గెడ్డ దాకా, అంటే ఊరి కింది వాగు దాకా, సాగనంపేటప్పుడు మోరి అనే వాద్యం మీద ఊదే వరస కావాలి. వాళ్ల ఊళ్లో అది తెలిసినవాడు తండ్రి ఒక్కడే. ఆయన పోయే ముందు, ఆ వరస లెక్కల బాబు పుస్తకంలో ఉంది, బెంగ పెట్టుకోవద్దు అని చెప్పాడట. లెక్కల బాబు అంటే నేను.

శుక్రవారం సంతకు వచ్చినప్పుడు రమ్మన్నాను, ఈలోగా వెతుకుతానన్నాను. నిజానికి వెతకవలసిన పని లేదు. పుస్తకం ట్రంకుపెట్టెలో ఎక్కడుందో తెలుసు, అందులో ఏముందో, ఏం లేదో కూడా తెలుసు. అయినా ఆమె వెళ్లాక తీశాను. హాస్టలు స్టాకు రాసే పొడుగు పుస్తకాల్లో మిగిలిపోయినది అది. అట్టకు వేసిన గోధుమరంగు కాగితం తేమకు ఉబ్బి, మూలలు చెదలు తిన్నాయి. మొదటి రెండు పేజీల్లో ముప్పై ఒక్క పేర్లు. వాటిలో పన్నెండింటి పక్కన టిక్కు. పదిహేడో పేరు పక్కన మూడు సంఖ్యలు, వాటి కింద నా గుండ్రటి దస్తూరీలో రెండు మాటలు: లెక్క నిలవదు.

మా నాన్న సంతలో కాటా పట్టేవాడు. సాలూరు దగ్గర పల్లెలో పుట్టి, ఒక చింతపండు వ్యాపారి వెంట ఘాటీ ఎక్కి వచ్చి, ఇక దిగలేదు. సంత పెరటి వెనక రెండు గదుల్లో మేం ఉండేవాళ్లం. గోడలు, దుప్పట్లు, అమ్మ జడ, అన్నీ చింతపండు వాసనే. శుక్రవారం తెల్లవారకముందే నాన్న లేచి, కాటా పళ్లేలు బూడిదతో తోమి, తూనికరాళ్లను చిన్నదాన్నుంచి పెద్దదానికి గట్టు మీద పేర్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయన చేతులు ఊరుకునేవి కావు. గుమ్మడికాయ కనిపిస్తే ఎత్తి “రెండుంబావు” అనేవాడు, పక్కింటి పసిబిడ్డను ఎత్తి “మూడుకి కాస్త తక్కువ” అనేవాడు. సరిచూస్తే ఎప్పుడో గాని తప్పేది కాదు. ప్రతి ఉగాదికీ నన్ను ఒక పళ్లెంలో కూర్చోబెట్టి ఇంకో పళ్లెంలో చింతపండు బుట్టలు పెట్టి తూచేవాడు. నాకు అక్షరాల కంటే ముందు అంకెలు వచ్చింది అలాగే. ఆయన నాకు చెప్పిన మాటలు ఎక్కువ లేవు. ఒకటి మాత్రం ఎన్నోసార్లు విన్నాను. “మూడుసార్లు తూత్తే మూడు తూకాలొచ్చాయనుకో, సరుకుని తిట్టకు. ముందు కాటాని సూడు.”

పదో తరగతి నేను దాటలేదు. లెక్కల్లో మంచి మార్కులే, ఇంగ్లీషులో పోయింది. తరవాత ఒక పాత గైడు పట్టుకుని, చక్రవడ్డీ నుంచి వర్గమూలాల దాకా నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ చెప్పకుండా నేర్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది, ఏది చూసినా లెక్కించి చూస్తాడు. ఘాటీ రోడ్డు మలుపులు, బస్సు కిటికీ కమ్మీలు, వాన మొదలయ్యాక చూరు నుంచి మొదటి చుక్క పడటానికి పట్టే సేపు, ఇవన్నీ నాకు అంకెల్లో తెలుసు. తొంభైల చివర, ఇరవై రెండేళ్ల వయసులో, ఆ అలవాటే నాకు గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలో స్టాకు రాసే పని ఇప్పించింది. స్టోరు గది నా రాజ్యం. బియ్యం గోనెలు, పప్పు డబ్బాలు, సబ్బుల పెట్టెలు. వానాకాలంలో ఆరని యూనిఫారాలు కూడా అక్కడే తాళ్ల మీద వేలాడేవి. తడి గుడ్డ, పాత బియ్యం, బట్టల సబ్బు కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నా వేళ్లు జేబులో కలం కోసం వెతుకుతాయి.

ఒక జూన్‌లో పైనుంచి కాగితం వచ్చింది. పిల్లలకు వాళ్ల సంప్రదాయ సంగీతం నేర్పాలి, వారానికి రెండు పీరియడ్లు, జులై నుంచి మార్చి దాకా. ఏమేం నేర్పుతారో జాబితా పంపాలి, ఒక క్యాసెట్టు కూడా జతచేయాలి. పెద్ద మాస్టారు మైదానం నుంచి వచ్చినాయన, మంచివాడు, చెవి మాత్రం సినిమా పాటలది. “నీ దస్తూరీ బాగుంటుంది, జాబితా నువ్వే చూడు” అని నాకు అప్పగించాడు. క్యాసెట్టు అరవై నిమిషాలది, ఒకటే ఇచ్చారు. ఒక్కొక్క వరసకు అయిదు నిమిషాలు వేసుకున్నాను. పన్నెండు. ఇవాళ అరకు వచ్చిన ప్రతివాడూ వినే పన్నెండు వరసలు పన్నెండే ఎందుకయ్యాయంటే అందుకు. వేరే కారణమేదీ లేదు.

నేర్పడానికి సోంబ్రును పిలిచారు. కొండ మీద పధ్నాలుగు ఇళ్ల ఊరు ఆయనది. మోరి అంటే సన్నాయికి తమ్ముడు లాంటిది, పొట్టిది, గొంతు కొంచెం కరుకు, ఏడు రంధ్రాలు. చుట్టుపక్కల ఏ ఊళ్లో థింసా ఆడినా ఆయన మోరి ఉండవలసిందే. అరవై ఏళ్లుంటాయి, ఎముకల మీద ఖాకీ చొక్కా తొడిగినట్టుండేవాడు. మోరి కొనకు బిగించే తాటాకు పీకలను పొడుం డబ్బాలో దాచుకునేవాడు. ఊదే ముందు ఒకదాన్ని బుగ్గలో పెట్టుకుని నానబెట్టేవాడు కాబట్టి సగం మాటలు నోటి ఒక పక్క నుంచే వచ్చేవి. ఆనపకాయ బుర్రలో చోడి అంబలి తెచ్చుకుని, సగం తాగి, సగం నాకు ఇచ్చేవాడు. మొదటి వారం నేను తీసుకోలేదు. తరవాత తీసుకున్నాను. ఆయనను తాతా అనడం కూడా ఆ రెండో వారం నుంచే.

ఆ పీరియడ్లు మొదలవకముందు పదహారు రోజులు స్టోరు గదిలో కూర్చున్నాం. ఆయన బియ్యం గోనె మీద, నేను సబ్బుల పెట్టె మీద. నాకు పాడటం రాదు, వాయించడం రాదు. అందుకని నా పద్ధతి ఒకటి కట్టుకున్నాను. మోరి రంధ్రాలకు పైనుంచి కిందికి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. ఆయన కుడికాలి బొటనవేలు నేలకు తగిలిన ప్రతిసారీ ఒక గడి. గడిలో ఏ రంధ్రం తెరిచి ఉందో ఆ అంకె. ముందు గడులు లెక్కపెట్టేవాణ్ని, మూడుసార్లు ఊదించి మూడుసార్లూ ఒకే సంఖ్య వస్తేనే అంకెలు నింపేవాణ్ని. నాలుగోసారి ఊదమంటే ఆయన పీక తీసి నా వైపు చూసేవాడు. “నీకు పెళ్లయినాక పెళ్లాం నవ్వితే పళ్లు లెక్కెడతావేటి, బాబూ” అన్నాడొకసారి. ఇప్పటికీ ఆ మాట మా ఆవిడకు చెప్పలేదు. ముప్పై రెండే, చూశాను.

ముప్పై ఒక్క వరసల పేర్లు చెప్పాడు. ఇక పన్నెండుకు తేవాలి. చైత్రంలో కొత్త మామిడికాయ తినే పండగ అయ్యేదాకా ముట్టుకోకూడనివి తొమ్మిది. వేటకు వెళ్లిన మగవాళ్ల వెనక ఆడవాళ్లు ఆడేవి అందులోవే. అవి వచ్చేసరికి మా పిల్లలు పరీక్షలు రాసి ఇళ్లకు పోతారు, బడికి తాళం. ఇప్పుడే ఊది చూపించమంటే సోంబ్రు తల అడ్డంగా ఊపాడు, అంతే. తొమ్మిదీ కొట్టేశాను. చావుకు ఒకటి, అమ్మవారికి రెండు, మొత్తం మూడు. అవి కప్పు కింద ఊదకూడదన్నాడు. అవీ పోయాయి. మిగిలిన పంతొమ్మిదిలో ఏడింటికి మూడుసార్లు మూడు లెక్కలు వచ్చాయి. ఆ ఏడూ తీసేస్తే సరిగ్గా పన్నెండు. పుస్తకంలో ఆ తీసివేత ఇంకా ఉంది, కింద రెండు గీతలతో. ఆ గీతలు గీసినప్పటి సంతోషం నాకు గుర్తుంది. లెక్క ఇంత శుభ్రంగా తెగింది కాబట్టి ఎంపిక కూడా సరైనదే అని నమ్మాను. ఆ వయసులో అంతకంటే పెద్ద రుజువు నాకు తెలియదు.

ఆ ఏడింటిలో ఆరింటి గురించి సోంబ్రు మాట్లాడలేదు. పదిహేడోది మాత్రం వదలలేదు. సాగనంపు వరస. పెళ్లికూతురు పుట్టింటి గుమ్మం దాటినప్పుడు మొదలవ్వాలి, ఊరి కింది గెడ్డలో ఆమె కాలు పెట్టినప్పుడు ఆగాలి. ముందు ఆగినా తప్పే, తరవాత ఆగినా తప్పే. అన్న పోయాక అది తన ఒక్కడి దగ్గరే ఉందని, తన గుంట బుద్రికి ఈ ఏడే పెళ్లి చేస్తున్నానని, ఆ తరవాత దాన్ని ఎవడి చేతిలోనైనా పెట్టకపోతే తనతోనే పోతుందని చెప్పాడు. సరే, ఊదమన్నాను. గోనె మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఊదాడు. నాలుగువందల పన్నెండు గడులు. మళ్లీ ఊదాడు. మూడువందల అరవై అయిదు. మూడోసారి అయిదువందల ముప్పై. కలం మూసేశాను.

“ఇదేటి తాతా, మూడుసార్లూ మూడు లెక్కలు?”

పీకను డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. “మొదట మా ఇంటి కాణ్నుంచి ఊదినాను. రెండోది మా సిన్నాన్నింటి కాణ్నుంచి. ఆఖర్ది ఆ మెరక మీద ఇల్లుంది సూడు, ఆ కాణ్నుంచి. దారెంతుంటే వరసంత, బాబూ.”

నేను నవ్వాను. స్టోరు గదిలో గోనె మీద కూర్చుని ఇళ్ల దారులు నడిచానంటున్నాడని నవ్వాను. పిల్లలకు నేర్పాలంటే ఒక కొలత ఉండాలి కదా అన్నాను. పిల్లలకు ఒకటి, తమకు ఒకటి ఉండదన్నాడు. ఆ మూడు సంఖ్యలూ రాసి, లెక్క నిలవదు అని కింద రాశాను. నేను రాస్తున్నంతసేపూ ఆయన నా కలాన్నే చూశాడు. చదువు లేని మనిషి. ఊదితే ఈ బాబు రాశాడు, మూడుసార్లు ఊదితే మూడుసార్లు రాశాడు. ఏం రాశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఫాల్గుణంలో బుద్రి పెళ్లికి పిలవడానికి ఆయనే వచ్చాడు. పెద్ద పిల్లల్లో మోరి పట్టిన ఇద్దర్ని తీసుకుని రమ్మన్నాడు, దారి పొడుగునా పక్కన నడిస్తే చాలు, వాళ్లకు వచ్చేస్తుందన్నాడు. ఆ వారం స్టాకు తనిఖీ. కొండ కింది దాకా జీపు, అక్కణ్నుంచి రెండున్నర గంటల నడక, తిరిగి రావడం చీకటి పడ్డాకే. కాగితం మీద వేసి చూసుకున్నాను, ఎలా కలిపినా ఒక పూట చాలలేదు. పెద్ద మాస్టారిని అడగవచ్చు. అడగలేదు. తనిఖీకి వచ్చిన ఆయన ఆ రోజు సబ్బులు రెండు తక్కువున్నాయని చెప్పి, తరవాత తనే లెక్క తప్పానని ఒప్పుకున్నాడు. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆ తరవాతి వానల్లో సోంబ్రుకు దగ్గు పట్టుకుంది. విశాఖ పెద్దాసుపత్రిలో నెల్లాళ్లు ఉండి వచ్చాడు గాని, మోరి ఊదే ఊపిరి వెనక్కి రాలేదు. అయినా వారానికి రెండుసార్లు కొండ దిగి వచ్చి తరగతిలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పిల్లలు నా అంకెలు చూసి వాయించేవాళ్లు, ఆయన చేత్తో ఆపడం, సాగించడం చూపించేవాడు. పదిహేడో వరస మాట మళ్లీ ఎత్తలేదు. నేను ఎత్తనందుకు ఆయన కూడా ఊరుకున్నాడని అనుకున్నాను. రెండువేలు దాటిన నాలుగేళ్లకో అయిదేళ్లకో పోయాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. క్యాసెట్టు రెండేళ్ల వానలకు లోపల తెల్లగా బూజు పట్టి, టేపు ఊడి వచ్చింది. పిల్లలకు అప్పటికి పన్నెండూ నోటికి వచ్చేశాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు అరకులో పర్యాటకులు దిగే చోటల్లా ఆ పన్నెండే వినిపిస్తాయి. మా తరగతి పిల్లలు పెద్దవాళ్లయి, జట్లు కట్టి, వాళ్ల పిల్లలకు నేర్పారు. సెలవు రోజుల్లో కాఫీ అమ్మే చోట ఆరుసార్లు ఆడతారు. నేను అటు వెళితే ఏ గడిలో ఉన్నారో చెప్పగలను. ఎక్కడా తప్పరు. ఎవడైనా ఫోను పట్టుకుని తీసినా, వానకు జనం చెదిరినా, ముప్పై రెండు గడుల ఆకుకోత వరస ముప్పై రెండు గడుల్లోనే ముగుస్తుంది. నా పద్ధతి అంత గట్టిగా పనిచేసింది. చైత్రం తొమ్మిదింటిలో ముసలివాళ్ల దగ్గర మూడో నాలుగో మిగిలాయని విన్నాను. వాటిని కూడా రాసుకుని రావడానికి ఒకసారి బయల్దేరాను. ఏం చెప్పి అడగాలో తెలియక బస్సు మధ్యలో దిగి వెనక్కి వచ్చాను.

శుక్రవారం బుద్రి వచ్చింది. సంచిలో కొత్త గాజులు, పసుపు, ఒక ప్లాస్టిక్ బిందె. పుస్తకం ఆమె ముందు తెరిచి పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పన్నెండింటికి అంకెలు ఉన్నాయి, పదిహేడోదానికి అంకెలు లేవు, ఎన్ని గడులో, అంటే ఎన్ని అడుగులో మాత్రం ఉంది. మూడు సంఖ్యలూ చదివాను. ఆమె పేజీ మీద వేలు పెట్టి, ఏది ఎక్కడుందో చూపించమని అడిగి, మొదటి సంఖ్య మీద వేలు అలాగే ఉంచింది.

“నీకు గుర్తు లేదా? నీ పెళ్లికే గదా ఊదాడు” అన్నాను.

“తలమీద ముసుగు, బాబూ. ఏడుపొకటి. నాకేటి ఇనిపిస్తది? కిందికి సూస్తే మా అయ్య మడమలు కనిపించినాయి. ఆటినే సూసుకుంటూ నడిసినాను.” పేజీ మీంచి వేలు తీయకుండానే, “లెక్క సాలదా?” అంది.

చాలదన్నాను. లెక్క నుంచి వరస తీయడానికి రాదన్నాను.

“మా అయ్య సాలుద్దనుకున్నాడు మరి.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. టీ మీద మీగడ కట్టింది, ఆ మీగడను వేలితో పక్కకు తీశాను. బస్సుకు వేళైందని ఆమె లేచింది. గాజుల కాగితం విప్పి మళ్లీ చుట్టింది. లచ్చన్న జట్టు వచ్చి ఆకుకోత వరస ఊదుతుందట, ఊళ్లో ఇన్నాళ్లూ అందరికీ అదే ఊదుతున్నారు, తన పిల్లకూ అదే. లచ్చన్న అంటే అప్పుడు పెళ్లికి నేను తీసుకుపోని ఇద్దరిలో ఒకడు. వాకిలి దాటాక గొడుగు తెరుస్తూ వెనక్కి తిరిగి అంది. “ఈసారైనా రా.”

వెళ్లాను. ఇప్పుడు ఊరి దాకా సిమెంటు రోడ్డు పడింది, నడక లేదు. పధ్నాలుగు ఇళ్లు ఇరవై ఆరయ్యాయి గాని సోంబ్రు ఇల్లు అక్కడే ఉంది, ఆయన పోయాక బుద్రి సంసారం అందులోకే మారింది, పెంకు తీసి రేకు వేశారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక పిల్లను బయటికి తెచ్చారు. లచ్చన్న మోరి ఎత్తాడు, తుడుము మోగింది. నేను లచ్చన్న వెనక, అతని మడమలు చూస్తూ నడిచాను. లెక్కపెట్టకూడదనే అనుకున్నాను, అయినా అడుగుకో గడి చొప్పున లెక్క సాగింది. వాకిలి దాటేసరికి పది అయింది. పనసచెట్టు దగ్గర నూట అరవై. గెడ్డ అంచుకు చేరేసరికి నాలుగువందల తొమ్మిది. పుస్తకంలో మొదటి సంఖ్యకు మూడు తక్కువ. లచ్చన్న కాళ్లు సోంబ్రు కాళ్లు కావు. ఆ మాత్రం తేడాను మా నాన్న తేడా అనేవాడు కాదు.

ఆకుకోత వరస ముప్పై రెండు గడులు. పన్నెండుసార్లు తిరిగితే మూడువందల ఎనభై నాలుగు. పదమూడో చుట్టులో ఇరవై అయిదో గడి దగ్గర దారి అయిపోయింది. పిల్ల కాలు ఎత్తింది. మోరి ఆగలేదు. నేర్పింది ముప్పై రెండు, లచ్చన్న ముప్పై రెండే వాయిస్తాడు, తప్పు అతనిది కాదు. బుద్రి కూతురి మోచేయి పట్టుకుని ఆపింది. పిల్ల ఎత్తిన కాలు దించి నీళ్ల అంచున నిలబడింది. ముసుగు కింద నుంచి ఏం చూస్తోందో తెలియదు. అందరూ నిలబడ్డారు, ఎవరికీ అందులో వింత లేదు, ఇన్నాళ్లుగా ప్రతి పెళ్లికీ అలాగే నిలబడుతున్నారు. మిగిలిన గడులు నేను లెక్కపెట్టాను. ఏడు. అవి అయ్యాక ఆమె నీళ్లలో కాలు పెట్టింది.